కోనసీమ టీవీ గేము: నకలు యంత్రాల చరిత్ర, వాటి విలువ

కోనసీమలో 1990ల నాటి వాడుకలో వీడియో గేమ్ అంటే ప్రధానంగా ఒకే రకం సాధనం: టీవీకి తగిలించుకునే ప్లాస్టిక్ పెట్టె, దాని నుంచి తీగలతో వచ్చే రెండు రిమోట్లు, పైభాగంలో గుచ్చే క్యాసెట్, కొన్ని సెట్లతోపాటు ఒక తుపాకి. ఈ పెట్టెలు జపాన్‌లో నింటెండో సంస్థ 1983 జూలై 15న విడుదల చేసిన ఫ్యామికామ్ అనే యంత్రానికి, ఆ సంస్థ అనుమతి లేకుండా తైవాన్, హాంకాంగ్, చైనాల్లో తయారైన నకళ్లు. పాత గేము యంత్రాలను సేకరించేవారు సాధారణంగా ఇటువంటి నకళ్లను పక్కన పెడతారు. అయితే అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో ఒక తరం పిల్లలు ఆడినది ఈ నకలు మీదనే కాబట్టి, ఈ ప్రాంత చరిత్ర రాసేవారికి మూల వస్తువు ఇదే అవుతుంది.

నకలు ఇక్కడికి చేరడానికి కారణాలు స్పష్టమైనవే. 1991 ఆర్థిక సంస్కరణలకు ముందు విదేశీ ఎలక్ట్రానిక్ వస్తువుల దిగుమతిపై కట్టుబాట్లు, సుంకాలు బలంగా ఉండేవి. ఆ తరువాత కూడా సుంకం చాలాకాలం భారంగానే ఉంది. షా వాలెస్ సంస్థ 1990ల నడుమ సెగా యంత్రాలను దేశంలో అధికారికంగా అమ్మినా, ఆ ధర సామాన్య కుటుంబానికి అందేది కాదు. సమురాయ్, మీడియా, లిటిల్ మాస్టర్ వంటి పేర్లతో వచ్చిన ఫ్యామికామ్ తరహా సెట్లు ఆ ఖాళీని నింపాయి. మద్రాసు బర్మా బజారు వంటి విదేశీ సరుకుల అంగళ్లు ఒక దారి కాగా, కోనసీమకు ఉన్న మరో దారి గల్ఫ్. రాజోలు, అమలాపురం ప్రాంతాల నుంచి కువైట్ తదితర దేశాలకు పనికి వెళ్లినవారు సెలవుకు వచ్చినప్పుడు టేప్‌రికార్డరు, వీసీఆర్‌లతోపాటు పిల్లలకోసం గేము సెట్టు కూడా తేవడం కద్దు. యానాం, ఎదుర్లంకల మధ్య వంతెన 2002లో వచ్చేదాకా కాకినాడ వైపు నుంచి నేరుగా వచ్చే సరుకు రేవులో పంటు మీద గోదావరి దాటి రావలసిందే.

ఈ యంత్రానికి టీవీతో ఉన్న సంబంధాన్ని వివరంగా చూడాలి. బొమ్మ తెరపై కదలాలంటే స్వల్ప తేడాలున్న చిత్రాలను వెంటవెంటనే చూపాలి. జపాన్ టీవీ విధానంలో సెకనుకు 60 మార్లు తెర నిండితే, భారతదేశం అనుసరించిన పాల్ విధానంలో 50 మార్లు మాత్రమే నిండుతుంది. ఫ్యామికామ్ గేములు సాధారణంగా తెర నిండిన ప్రతిసారీ ఒక అడుగు ముందుకు జరిగేలా రాసినవి గనుక, పాల్ టీవీలకోసం చేసిన నకళ్లలో అవే గేములు ఆరింట ఒక వంతు నిదానించాయి. జపాన్ పిల్లవాడు 50 సెకన్లలో దాటిన దూరం ఇక్కడి పిల్లవాడికి నిమిషం పట్టేది. సంగీతం కూడా శ్రుతి దాదాపు చెడకుండా లయలో మాత్రం విలంబించేది. చిన్ననాడు ఇక్కడ మారియో ఆడినవారు నేడు అదే గేమును మూల వేగంతో ఆడితే ఏదో తొందర పెట్టినట్టు అనిపించడానికి కారణం ఇదే. వారి జ్ఞాపకంలో పొరపాటు లేదు, ఆ నిదానమైన మారియో నిజంగానే ఉన్నాడు.

ఈ గేము క్యాసెట్ల విలువ కట్టే పద్ధతి సేకరణ మార్కెట్టు కంటే ముందే ఆంధ్ర పట్టణాల దుకాణాల్లో ఉంది. పాత క్యాసెట్ ఇచ్చి, పైన కొంత సొమ్ము కట్టి వేరొకటి తీసుకునే మారకంలో, లోపల ఎన్ని గేములు నిజంగా ఉన్నాయన్నదే ప్రశ్న. చీటీ మీద ‘9999 ఇన్ 1’ అని ఉన్న క్యాసెట్‌లో అసలు గేములు కొద్దిపాటివే. వాటినే వేర్వేరు దశల నుంచి మొదలుపెట్టి, పేర్లు మార్చి జాబితా పొడిగించేవారు. ఆడేవారికి ఆ కిటుకు త్వరలోనే తెలిసిపోయింది. అందుకే అంకె పెద్దదైన క్యాసెట్ కంటే కాంట్రా అనే గేము ఉన్న క్యాసెట్‌కు గిరాకీ ఎక్కువ. చాలా నకళ్లలో మొదటి తెర మీద కంపెనీ పేరు చెరిపేసి ఉండడం వల్ల 1985 నాటి బ్యాటిల్ సిటీ ‘ట్యాంకుల గేము’గా, డక్ హంట్ ‘బాతుల గేము’గా వ్యవహారంలోకి వచ్చాయి.

నేటి అంతర్జాతీయ మార్కెట్టు ఇందుకు పూర్తిగా విరుద్ధమైన కొలత వాడుతుంది. పెట్టె సీలు విప్పలేదా, అంచులు నలగలేదా అని పరిశీలించి పదికి ఇన్ని మార్కులని వేసే సంస్థలు అక్కడ ఏర్పడ్డాయి. 2021 జూలైలో అమెరికాలోని హెరిటేజ్ వేలంలో సీలు విప్పని సూపర్ మారియో 64 ప్రతి ఒకటి 15.6 లక్షల డాలర్లు పలికింది. ఎవరూ ఆడని గేముకే అత్యధిక ధర అనే ఈ లెక్కను కోనసీమ సెట్టుకు వర్తింపజేయడం తప్పు, ఎందుకంటే దీని సాక్ష్యమంతా వాడుకలోనే ఉంది: అరిగిన మీటలు, టంకం వేసి అతికిన తీగ, క్యాసెట్ వెనుక పెన్నుతో రాసిన పేరు. ఇక్కడి గాలి కూడా ఆ సాక్ష్యంలో భాగమే. క్యాసెట్ అడుగున 60 రాగి పట్టీలుంటాయి. సముద్రపు ఉప్పు, కాలువల తేమ కలిసిన గాలికి అవి పచ్చగా చిలుము పడతాయి. తెర మీద బొమ్మ చెదిరినప్పుడు పిల్లలు క్యాసెట్‌లోకి నోటితో ఊదడం వల్ల తేమ మరింత చేరి నష్టం పెరుగుతుంది. పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది, స్పిరిటు అద్దిన దూదితో తుడిస్తే చాలామటుకు తిరిగి పనిచేస్తాయి. 1996 నవంబరు 6 నాటి తుపానుకు ఇళ్లే కూలిన గ్రామాల్లో ఇటువంటి వస్తువు మిగలడమే అరుదు కాబట్టి, ఆ తేదీకి ముందుదని నిరూపించగలిగిన సెట్టు ఎంతో విలువైనది.

నిరూపించడం సాధ్యమే. పెట్టె మీద తయారీదారు పేరు గానీ, సంవత్సరం గానీ లేకపోయినా, నాలుగు మరలు విప్పి లోపలి చిప్పుల మీద అచ్చైన అంకెలు చూడాలి. చిప్పు పేరుకు కింద సాధారణంగా నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 9132 అని ఉంటే 1991వ సంవత్సరం 32వ వారంలో తయారైనదని అర్థం. తైవాన్‌లోని యూఎంసీ సంస్థ చిప్పులు విడివిడిగా బిగించిన పలకలు పాత తరానివి, వాటిని విప్పి బాగుచేయవచ్చు. తరువాతి చౌక సెట్లలో యంత్రమంతా ఒకే చిప్పులోకి కుదించి, దాని మీద నల్లని జిగురు బొట్టు పెట్టి మూసేశారు. బొట్టు కింద ఏముందో చదవలేరు, పాడైతే మార్చలేరు. కనుక మెరిసే కొత్త సెట్టు కంటే రంగు మారిన పాత సెట్టుకే చరిత్రకారుడి దృష్టిలో విలువ ఎక్కువ.

నకళ్ల మాట అలా ఉంచితే, తెలుగు నేల మీద పుట్టిన అసలు గేములు కూడా లేకపోలేదు. హైదరాబాదులోని అరోనా టెక్నాలజీస్ రూపొందించిన హనుమాన్: బాయ్ వారియర్ 2009లో ప్లేస్టేషన్ 2 మీద వచ్చింది, భారతదేశంలోనే పూర్తిగా తయారైన తొలి కన్సోల్ గేముగా దానికి పేరు. అదే నగరపు గేమ్‌శాస్త్ర చేసిన దేశీ అడ్డాలో కబడ్డీ, గిల్లీదండా వంటి ఆటలున్నాయి. ఈ డిస్కులను ఇప్పుడే భద్రపరచడం తెలుగు గ్రంథాలయాలు చేయదగిన పని.

తిరిగి కోనసీమ సెట్టుకు వస్తే, దానితో వచ్చిన తుపాకి విషయం వేరు. మీట నొక్కగానే తెర క్షణంపాటు నల్లబడి, బాతు ఉన్నచోట మాత్రం తెల్లని గడి మెరుస్తుంది. గొట్టంలోని కాంతి గ్రాహకం ఆ తెలుపును పట్టుకుంటే గురి తగిలినట్టు లెక్క. పిక్చర్ ట్యూబు గీతలు గీసే వేగానికి సరిపోయేలా తయారైన ఈ ఏర్పాటు నేటి పలక టీవీల ముందు పనిచేయదు. దానికి హైదరాబాదు ఈసీఐఎల్ తయారుచేసిన ఈసీ టీవీ లాంటి బరువైన పాత టీవీయే కావాలి. పాత సామాను కొనేవారు అటువంటి టీవీలను కిలోల లెక్కన తీసుకుపోయి, ట్యూబు మెడ చుట్టూ ఉండే రాగి తీగ కోసం పగలగొడుతున్నారు. తుపాకిని దాచుకున్న ఇంట్లో ఆ టీవీ కూడా ఉందో లేదో ముందుగా అడగవలసి వస్తోంది.