ఇసుక అడుగున ముళ్ల గుల్ల: చీరాల తీరం దృష్ట్యా సీ అర్చిన్ల ప్రాముఖ్యం

ప్రస్తావన

బాపట్ల జిల్లా చీరాలకు చేరువలో ఉన్న వాడరేవు, రామాపురం తీరాలు పూర్తిగా ఇసుక తీరాలు. విశాఖపట్నంలో వలె అలల తాకిడికి నిలిచే రాతిగుట్టలు ఇక్కడ లేవు. సీ అర్చిన్ అనగానే విశాఖ రాతి సందుల్లో కనిపించే స్టోమోప్న్యూస్టిస్ వంటి నల్లని ముళ్ల బంతులే గుర్తుకు వస్తాయి కనుక, ఇసుక తీరానికి ఈ జీవితో సంబంధం లేదన్న భావన సహజంగానే ఏర్పడుతుంది. ఆ భావన సరికాదనీ, ఇసుకలో ఒదిగి బతికే అర్చిన్లను లెక్కలోకి తీసుకోనిదే ఇటువంటి తీరపు సముద్రగర్భం పనితీరు అర్థం కాదనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నిర్మాణం, రకాలు

సీ అర్చిన్లు ఎకైనోడెర్మేటా, అంటే ముళ్ల చర్మం గల జీవుల వర్గానికి చెందినవి. సముద్ర నక్షత్రాలు, సముద్ర దోసకాయలు కూడా ఈ వర్గంలోనివే. ప్రపంచంలో సుమారు 950 అర్చిన్ జాతులు జీవిస్తున్నాయి. జీవి చనిపోయి ముళ్లు రాలిన తరువాత మిగిలే గుల్లను చేతిలోకి తీసుకొని చూస్తే, ఒకదానికొకటి అతికిన సున్నపు పలకలు, ముళ్లు కుదురుకొన్న బొడిపెలు, పైనుంచి కిందికి ఐదు పట్టీలుగా సాగే సన్నని రంధ్రాల వరుసలు స్పష్టంగా కనిపిస్తాయి. ఆ రంధ్రాల గుండా నీటి ఒత్తిడితో సాగి ముడుచుకొనే నాళికాపాదాలు బయటికి వస్తాయి. వీటితోనే జీవి నడుస్తుంది, పట్టుకొంటుంది, శ్వాసిస్తుంది. అడుగున ఉండే నోటిలో సుమారు 40 సున్నపు ముక్కలతో కూడిన దవడ యంత్రం ఉంటుంది. దీనిని అరిస్టాటిల్ వర్ణించినందున అరిస్టాటిల్ లాంతరు అనే పేరు స్థిరపడింది. ఇందులోని ఐదు పళ్లు అరిగేకొద్దీ జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి.

బంతివలె గుండ్రంగా, పొడుగు ముళ్లతో ఉండేవి క్రమ అర్చిన్లు. నూగువంటి పొట్టి ముళ్లతో ఇసుకలో దూరిపోవడానికి అనువుగా చదునుగానో హృదయాకారంలోనో ఉండేవి క్రమరహిత అర్చిన్లు. బిళ్లవంటి శాండ్ డాలర్ రెండవ రకంలోనిది. దాని వీపుపై ఐదు రేకుల పువ్వు చెక్కినట్లుండే ఆకృతి నిజానికి శ్వాసకు తోడ్పడే నాళికాపాదాల స్థానం.

పరిశోధన చరిత్ర

చీరాల గుంటూరు జిల్లాలో భాగంగా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలంలోనే ఈ తూర్పు తీరపు అర్చిన్లపై గట్టి పరిశోధన జరిగింది. మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్. గోపాల అయ్యర్ సాల్మసిస్ బైకలర్ అనే అర్చిన్ పిండాభివృద్ధిని 1935లో వివరించి, 1938లో సాల్మసిస్‌పై ఒక సమగ్ర గ్రంథాన్ని వెలువరించారు. ఆ కాలం ముగిశాక, 1964లో మద్రాసు రేవులోని స్టోమోప్న్యూస్టిస్ సంతానోత్పత్తిపైనా, దేహ రసాయనికతపైనా ఆర్థర్ గీస్ బృందం అధ్యయనం ప్రచురించింది.

ఈ జీవిని ప్రయోగశాలలు ఎందుకు ఎంచుకొన్నాయో దాని గుడ్డును చూస్తే తెలుస్తుంది. మిల్లీమీటరులో పదోవంతు ఉండే ఆ పారదర్శకమైన గుడ్డు సముద్రపు నీటిలోనే ఫలదీకరణ చెందుతుంది. శుక్రకణం చేరిన నిమిషం, రెండు నిమిషాల్లోనే గుడ్డు చుట్టూ సన్నని పొర పైకి లేవడం సాధారణ సూక్ష్మదర్శినిలోనే చూడవచ్చు. గుడ్డు కేంద్రకం, శుక్రకణ కేంద్రకం ఏకమవడాన్ని ఆస్కార్ హెర్ట్‌విగ్ 1870ల మధ్యకాలంలో గుర్తించింది అర్చిన్ గుడ్డులోనే. 1982లో టిమ్ హంట్ అర్చిన్ గుడ్లలో సైక్లిన్ అనే ప్రోటీన్‌ను కనుగొనడంతో కణవిభజన క్రమాన్ని నడిపే యంత్రాంగం బయటపడింది, దానికి 2001లో నోబెల్ బహుమతి లభించింది. 2006లో ఊదారంగు అర్చిన్ జన్యుక్రమం వెలువడినప్పుడు దాదాపు 23,000 జన్యువులు లెక్కకు వచ్చాయి. వాటిలో వేల సంఖ్యలో జన్యువులకు మానవ జన్యువులతో బంధుత్వం ఉంది.

పర్యావరణ పాత్ర

1983–84లో కరీబియన్ సముద్రంలో డయాడెమా అర్చిన్లు 90 శాతానికి పైగా చనిపోగా, మేసేవారు లేని నాచు పగడపు దిబ్బలను కప్పివేసింది. 2022లో మళ్లీ సంభవించిన మరణాలకు ఒక ఏకకణ జీవి కారణమని మరుసటి ఏడాది తేలింది. రాతి, పగడపు ప్రాంతాల్లో అర్చిన్ మేతగాడైతే, ఇసుకలో అది దుక్కి దున్నే జీవి. న్యూజీలాండ్‌లో జరిగి 2004లో ప్రచురితమైన ప్రయోగంలో, హృదయాకార అర్చిన్లు అడుగు మట్టిని కదపడం వల్ల పోషకాలు నీటిలోకి విడుదలై సూక్ష్మ శైవలాల ఉత్పత్తి పెరిగినట్లు వెల్లడైంది. సూక్ష్మ శైవలాలే సముద్రపు ఆహార గొలుసుకు మొదలు కనుక, కృష్ణా డెల్టాకు పక్కనున్న ఈ ఇసుక, బురద నేలపై రొయ్య, చేప ఆధారపడిన తీరుకూ ఈ దుక్కికీ ఉండగల సంబంధం పరిశీలించదగినది.

మానవ ప్రయోజనం, ముప్పు

జపాన్‌లో అర్చిన్ బీజకోశాలు ‘ఉని’ పేరుతో ఖరీదైన ఆహారం. అటువంటి గిరాకీ లేని చోట వలలో పడిన అర్చిన్‌ను పనికిరాని చెత్తగా పారవేస్తారు. అడుగును గీరుతూ పోయే ట్రాల్ వల గుల్లలను చిదిమివేస్తుంది. వాతావరణంలోని కార్బన్ డయాక్సైడ్ కరిగి సముద్రజలం ఆమ్లీకరణ చెందుతున్నకొద్దీ, మెగ్నీషియం అధికంగా ఉండి సులభంగా కరిగే ఈ గుల్లలకూ, డింభకాల సన్నని సున్నపు కడ్డీలకూ ముప్పు పెరుగుతుంది.

ముగింపు

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం అమలవుతుంది. నిషేధానికి ముందు రోజుల్లోనూ, పడవలు తిరిగి సముద్రంలో దిగిన తొలి రోజుల్లోనూ వలలో పడిన అర్చిన్ల జాతి, సంఖ్య, గుల్ల కొలత, వల వేసిన లోతు నమోదు చేయగలిగితే, సముద్రపు అడుగు ఆ రెండు నెలల్లో ఎంత కోలుకొంటున్నదో అంచనా వేయవచ్చు. దీనికి ఖరీదైన పరికరాలు అవసరం లేదు. వాడరేవు మత్స్యకారుల అనుభవం, స్థానిక కళాశాలల జంతుశాస్త్ర విద్యార్థుల శ్రద్ధ చాలు. వల దులిపేటప్పుడు బతికి ఉన్న అర్చిన్‌ను తిరిగి నీటిలోకి వదలడం ఈ కృషికి మొదటి మెట్టు కావాలి.