వ్యక్తిస్వేచ్ఛ – సేవానియమం: అనంతపురం చెప్పే పాఠం

వ్యక్తిస్వేచ్ఛకూ సంస్థాగత క్రమశిక్షణకూ మధ్య వైరుధ్యం రచయితలకు కొత్తది కాదు. మనసొప్పని తీర్మానానికి చెయ్యెత్తి, ఇంటికొచ్చి రాత్రంతా నిద్రపట్టక దొర్లిన అనుభవం నాకూ ఉంది. ఆ ప్రశ్నతోనే మిషనరీల చరిత్ర తిరగేశాను.

మోర్మన్ సంఘం యువకులను రెండేళ్లూ, యువతులను పద్దెనిమిది నెలలూ ప్రచారానికి పంపుతుంది. ఏ ఊరికి పోవాలో సంఘమే నిర్ణయిస్తుంది. జంటగా వేసిన మనిషిని విడిచి ఒంటరిగా తిరగకూడదు. ఇంటికి ఫోను చాలాకాలం ఏడాదికి రెండుసార్లే. 2019లోగాని వారానికోసారి మాట్లాడే అనుమతి రాలేదు. అయితే ఆ కట్టుబాటుకు గడువుంది. కేథలిక్కుల జెసూట్ సంఘంలో గడువు లేదు. పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే వ్రతాలు జీవితాంతం పాటించవలసినవే.

విన్సెంట్ ఫెర్రర్ ఆ ప్రమాణం చేసినవాడే. 1920లో బార్సిలోనాలో పుట్టాడు. స్పెయిన్ అంతర్యుద్ధంలో రిపబ్లికన్ల పక్షాన నిలిచి, ఓటమి తర్వాత ఫ్రాన్సులో నిర్బంధ శిబిరం చూశాడు. 1944లో జెసూట్లలో చేరాడు. 1952లో బొంబాయి వచ్చి, మహారాష్ట్రలోని మన్మాడ్ ప్రాంతంలో రైతుల చేత బావులు తవ్వించాడు. మతబోధ చేసినంతకాలం ఎవరికీ అడ్డుగాని మనిషి, బావి దగ్గరికి వచ్చేసరికి స్థానిక పెత్తందార్లకు కంటగింపయ్యాడు. 1968లో దేశం విడిచి పొమ్మన్నారు. ఆయన కోసం వేలాది రైతులు బొంబాయికి నడిచారు. 1969లో తిరిగొచ్చి అనంతపురం చేరాడు. 1970లో జెసూట్ సంఘాన్ని వదిలి, ఆంగ్లేయురాలు అన్నె పెర్రీని పెళ్లాడాడు.

గమనించవలసింది ఇక్కడే. వ్రతం విడిచినవాడు ఊరు విడవలేదు. 2009లో కన్నుమూసేదాకా, నలభై ఏళ్లు, ఆ కరువు నేలనే అంటిపెట్టుకున్నాడు. పొమ్మనే పై అధికారి లేడు, ఉండమనే పై అధికారీ లేడు. పై నుంచి వచ్చిన ఆజ్ఞ తొలగినా, తాను ఎంచుకున్న బాధ్యత తొలగలేదు.

ఇంతటితో ఆపితే ఇది స్తోత్రపాఠమవుతుంది. రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు కట్టిన ఇళ్లూ, బడులూ, ఆస్పత్రులూ కాదనలేనివి. కాని అందుకు ఆధారం ప్రధానంగా విదేశీ దాతల విరాళాలు. అనంతపురం కరువు వానలు లేకపోవడం ఒక్కటే కాదు. భూమీ నీరూ ఎవరి చేతుల్లో ఉన్నాయన్నది అసలు ప్రశ్న. దాతృత్వం ఆ ప్రశ్నకు జవాబు కాదు. ఫెర్రర్‌కు ఇక్కడ ఉండిపోయే స్వేచ్ఛ ఉంది. వేరుశనగ ఎండిపోయి బెంగళూరు రైలెక్కే కూలీకి ఆ స్వేచ్ఛ కూడా లేదు. అతని నిర్బంధానికి ప్రమాణమూ లేదు, గడువూ లేదు.

కనుక నియమం ఉందా లేదా అన్నది కాదు గీటురాయి. దాన్ని చేసింది ఎవరు, ప్రశ్నించే వీలుందా, విడిచి వెళ్లే దారి తెరిచి ఉందా, విడిచినవాడు ఎవరి పక్షాన నిలిచాడు అన్నవే గీటురాళ్లు. రచయితల సంఘాలూ ఈ పరీక్షకు నిలవాలి. ఈసారి చెయ్యెత్తే ముందు నన్ను నేను అడగవలసిన ప్రశ్నలూ ఇవే.