సొరుగు అడుగుకు గాడి: రంపం, ఉలితోనే తీయడం ఎలా?

ఆధార్ కార్డులు, పాస్‌పోర్టులు, పిల్లల సర్టిఫికెట్లు, అమ్మీ మందుల చీటీలు.. ఇంట్లో ముఖ్యమైనవన్నీ చేరేది టేబుల్ సొరుగులోకే. ఆ సొరుగు అడుగు పలకను కింది నుంచి మేకులు కొట్టి వదిలేస్తే బరువంతా మేకుల మీదే పడుతుంది. కొన్నాళ్లకు అవి వదులై పలక ఊడి కింద పడుతుంది. అందుకే పని తెలిసిన మిస్త్రీలు చెక్కల లోపలి వైపు గాడి తీసి, పలకను అందులో కూర్చోబెడతారు. దీనికి కరెంటు మిషన్లేమీ అక్కర్లేదు.

కావాల్సిన పనిముట్లు

సన్నపళ్ల రంపం, చెక్క సుత్తి, పదునైన కత్తి, నిటారుగా ఉన్న ఒక బద్ద, రెండు క్లాంపులు, గీతలు పెట్టే ఖత్‌కష్. అడుగు పలక మందాన్ని మించని ఉలి ఒకటి. జిర్రీ రందా దొరికితే పని ఇంకా తేలిక, లేకపోయినా నడుస్తుంది.

కొలతల లెక్క

పక్క చెక్క మందం 12 మి.మీ. అనుకుందాం. గాడి లోతు 6 మి.మీ. మించకూడదు, మించితే చెక్క బలం పోతుంది. చెక్క కింది అంచు నుంచి గాడికి కనీసం 10 మి.మీ. వదలాలి. 6 మి.మీ. అని అమ్మే ప్లైవుడ్ కాస్త పలచగా రావచ్చు. కాబట్టి పేరు చూసి కాదు, ముక్కను పెట్టి చూసి గాడి వెడల్పు గుర్తు పెట్టుకోవాలి.

సొరుగు లోపలి వెడల్పు 300 మి.మీ. అయితే రెండు గాడులకు 6 చొప్పున కలిపి 312. పలకను 310కే కోయాలి, అప్పుడే ఇబ్బంది లేకుండా జారుతుంది.

గాడి తీసే పద్ధతి

1. అన్ని చెక్కలకూ కింది అంచునే ఆధారం చేసుకుని ఖత్‌కష్‌తో రెండు గీతలు గీయండి. వాటి మీద కత్తితో లోతుగా గాటు పెడితే అంచులు చిట్లవు.

2. గీత పక్కన బద్దను క్లాంపులతో బిగించి, దాని ఆసరాతో రంపం నడపండి. కోత రెండు గీతల లోపలే ఉండాలి. లోతు తెలియడానికి రంపం మీద టేపు అంటించుకోవచ్చు.

3. మధ్యలో మిగిలిన చెక్కను ఉలితో కొద్దికొద్దిగా తీయండి. ఉలి ఏటవాలు వైపు కిందికి ఉండాలి. చెక్క లోతుకు చీలుతుంటే ఆపి, అవతలి కొస నుంచి మొదలుపెట్టండి. రెండో చెయ్యి ఎప్పుడూ ఉలికి వెనకే ఉండాలి.

4. ముందు చెక్క పక్క చెక్కల కొసలను కప్పేలా ఉంటే దాని గాడిని చివరికంటా తీయొద్దు, పక్క నుంచి రంధ్రం కనిపిస్తుంది. పక్క చెక్క మందంలో సగం దాకా పోయి ఆపాలి. ఆ కొసల్లో రంపం పోదు, ఉలితోనే తొలవాలి.

5. వెనక చెక్కకు గాడి వద్దు. దాని కింది అంచు గాడి పై అంచుకు సమానంగా ఉంటే పలకను వెనక నుంచి తోసి, ఆ చెక్కకే స్క్రూ బిగించవచ్చు.

పలక చేతితో తోస్తే దూరాలి. సుత్తి కావాల్సి వచ్చిందంటే గాడి ఇరుకైనట్టే.

అసలు చెక్క పలకైతే

ప్లైవుడ్‌కు జిగురు పెట్టినా నష్టం లేదు. అసలు చెక్కకు మాత్రం పెట్టొద్దు. అది వానాకాలం ఉబ్బి, ఎండాకాలం కుంచించుకుపోతుంది. దాని ధార కుడి ఎడమలుగా ఉండేలా పెడితే ఆ పెరుగుదల వెనక్కి పోతుంది. స్క్రూ రంధ్రాన్ని కాస్త పొడవుగా చేస్తే పలక చీలదు.

మొదటిసారి చేసేవాళ్లు పాత చెక్క ముక్క మీద ఒక గాడి తీసి చూసుకోండి. టేకు ధర ముందు ఆ అరగంట ఏపాటిది?