కడలి దాటుటకు కాగితము

ఒట్టపిడారము చుట్టునున్న నల్లరేగడి సీమలో స్థిరపడిన తెలుగు కుటుంబములలో, పూర్వికులు ఉత్తరము నుండి వచ్చిన కథ వినని బాలుడుండడు. విజయనగర రాజుల కాలమునను, పిదప మధుర నాయకరాజుల కాలమునను మనవారు గుంపులు గుంపులుగా దక్షిణమునకు దిగి వచ్చిరి. కొందరు పాలెగాండ్రైరి, పెక్కుమంది ప్రత్తియు, సజ్జయు, జొన్నయు పండించు కాపులైరి. ఒట్టపిడారమునకు చేరువనున్న పాంచాలంకురిచ్చి నేలిన వీరపాండ్య కట్టబొమ్మ నాయకుడు ఆ సంతతివాడే. కోవిల్‌పట్టి చెంతనున్న ఇడైచెవల్ గ్రామస్థుడు కి. రాజనారాయణన్ తమిళమున వ్రాయగా 1976లో వెలువడిన ‘గోపల్ల గ్రామం’ నవల ఇట్టి వలస కథయే. మన యిండ్లలో పెద్దలు చెప్పు కథలలో నదులున్నవి, అడవులున్నవి, ఆకలి యున్నది. కాని అనుమతి పత్రమన్న మాట మాత్రము లేదు.

ఈ సీమవారి రెండవ వలస సముద్రము మీదుగా జరిగినది. వానలు తప్పిన యేట రేగడి నేల కూడు పెట్టదు. తూత్తుక్కుడి రేవు దగ్గర. అక్కడ ఓడ యెక్కిన కొలంబు. పందొమ్మిదవ శతాబ్దమున సింహళములో కాఫీ తోటలును, వాని వెనుక తేయాకు తోటలును పెరుగగా తిరునల్వేలి, రామనాథపురము, మధుర జిల్లాల నుండి వేలకొలది జనులు కూలికి పోయిరి. వారిలో అత్యధికులు తమిళులు. ఇంటిలో తెలుగు మాటాడెడి అరుంధతీయులును వారితో నుండిరి. మన చరిత్ర వ్రాయునపుడు పాలెగాండ్ర పేళ్ళతోపాటు ఈ శ్రమజీవులను గూడ స్మరింపవలసియున్నది.

ఆ కాలమున కడలి దాటువానికి కావలసినది టిక్కెట్టు, ఆరోగ్యము. మణియాచ్చి, తూత్తుక్కుడి స్టేషనుల నడుమనున్న తట్టప్పారైలోను, రామేశ్వరపు దారిలోని మండపములోను సింహళ ప్రభుత్వమువారు శిబిరములు నడపిరి. అచ్చట కూలివారిని నిలిపి, అంటువ్యాధులు లేవని నిర్ధారణ చేసికొని పంపెడివారు. 1914లో ధనుష్కోడి, తలైమన్నారుల నడుమ రైలు ప్రయాణికులకు స్టీమరు ఏర్పడుటతో దారి మరింత సుగమమయ్యెను. ఒట్టపిడారములో 1872లో జన్మించిన వ. ఉ. చిదంబరం పిళ్ళై 1906లో స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీని స్థాపించి, తూత్తుక్కుడి, కొలంబుల నడుమ ఓడలు నడపెను. 1908లో ఆయన కారాగారము పాలయ్యెను. 1911 నాటికి కంపెనీ మూతపడెను. ఆయన పోరాటము ఓడ యెవరిదన్న దానిని గూర్చి; ప్రయాణికుడు ఏ దేశపువాడన్న ప్రశ్న నాటికింకను పుట్టలేదు.

ఆ ప్రశ్న ముందుగా బర్మాలో పుట్టెను. మనకు కొలంబు ఎట్టిదో సర్కారు జిల్లాల తెలుగువారికి రంగూను అట్టిది. కోరంగి రేవు పేర వారిని అచ్చట ‘కోరంగీలు’ అనిరి. 1937లో బర్మా హిందూదేశము నుండి వేరయ్యెను. 1941 నాటి ఒడంబడిక, వలస వచ్చువారికి పర్మిట్టులను, నివాసమునకు గడువులను నిర్ణయింపజూచెను. ఆ యేటి డిసెంబరులోనే యుద్ధము రంగూను మీద పడగా లక్షలమంది స్వదేశమునకు బయలుదేరిరి. అనేకులు అరకాన్, అస్సాము త్రోవలలో కాలినడకన వచ్చిరి. యుద్ధానంతరము తిరిగి పోదలచినవారికి 1947 నాటి బర్మా వలస చట్టము అడ్డు నిలిచెను.

సింహళమునకు 1948 ఫిబ్రవరిలో స్వాతంత్ర్యము వచ్చినది. ఆ యేటి పౌరసత్వ చట్టము తోటలలోని భారతీయ సంతతివారిలో అత్యధికులను పౌరులుగా గుర్తింపలేదు. ఆ యేటిదే యైన వలసల చట్టము అమలులోనికి వచ్చిన పిదప, నిన్నటిదాక స్వేచ్ఛగా వచ్చి పోయినవారికి పాస్‌పోర్టు, వీసా ఆవశ్యకమయ్యెను. 1949 నాటి మరియొక చట్టము దరఖాస్తు చేసికొనుట కవకాశ మిచ్చెను గాని, 1946 జనవరికి పూర్వము వివాహితులు ఏడేండ్లును, అవివాహితులు పదేండ్లును ఎడతెగక నివసించినట్లు ఋజువు చూపవలెననెను. ఒకమారు పండ్రెండు నెలలకు మించి ద్వీపమును విడిచినచో ఆ నివాసము తెగినట్లే. భార్యాబిడ్డలును అచ్చటనే నివసించుచుండవలెను.

ఈ నియమములు మన పల్లెల జీవనమున కెంత విరుద్ధములో యోచింపుడు. తల్లి జబ్బుపడగా వచ్చి, ఒక పంట కాలము నిలిచి, చెల్లెలి పెండ్లి చేసి పోవుట మనవారికి ధర్మము. పొలము చూచుటకు భార్యను ఊరిలో నుంచుట సంసారపు నేర్పు. చట్టము దృష్టిలో ఆ ధర్మమే, ఆ నేర్పే పరదేశి లక్షణములయ్యెను. సుమారు ఎనిమిది లక్షలమంది పక్షమున దరఖాస్తులు పోగా, పౌరసత్వము లభించినది సుమారు 1,34,000 మందికి మాత్రమే. పత్రము లేక చాటుగా పడవలో దాటినవానికి ‘కళ్ళత్తోణి’, అనగా దొంగపడవవాడు, అను పేరు వచ్చెను. కాలక్రమమున, ఆ ద్వీపముననే పుట్టిన కూలివానిని సైతము ఆ మాటతోనే తిట్టిరి.

1964 అక్టోబరు 30న శాస్త్రి, సిరిమావో బండారనాయకలు కుదుర్చుకొన్న ఒడంబడికలో 9,75,000 మందిని లెక్కించి, 5,25,000 మందిని భారతదేశమునకును, 3,00,000 మందిని సింహళమునకును పంచిరి. మిగిలిన 1,50,000 మందిని 1974లో చెరిసగముగా పంచుకొనిరి. 1964 డిసెంబరు తుపానులో ధనుష్కోడి నాశనమయ్యెను. పిదప రామేశ్వరమున ఓడ దిగినవారిని మండపము శిబిరమే చేర్చుకొనెను. తాతను పరీక్షించి పంపిన చోటనే మనుమడు ఎన్నడును చూడని ‘స్వదేశము’నకు కుటుంబ కార్డుతో చేరెను. శ్రీలంకలో మిగిలిన భారతీయ సంతతివారికి పౌరసత్వ మిచ్చు చట్టము 2003లో వచ్చెను. అప్పటికి 55 ఏండ్లు గడచెను.

నేడు మన బిడ్డలు గల్ఫు దేశములకును, అమెరికాకును వీసా కొరకు నిరీక్షించుచున్నారు. గడువు పొడిగింపబడునో లేదో యను దిగులుతో ఇల్లు కొనుటయు, తల్లిదండ్రులను చూడ వచ్చుటయు వాయిదా వేయుచున్నారు. వారికి ఈ చరిత్ర తెలియుట మేలు. జనన పత్రము, వివాహ పత్రము, వచ్చిపోయిన తేదీలు భద్రపరచుకొనుట పిరికితనము గాదు. ఋజువు చాలక ఎందరో నష్టపోయిరి. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి గలదు. మన పూర్వికులు ఏ పత్రమును చూపకయే ఈ నేలపై నిలువ నీడ పొందిరి. కావున నేడు పత్రము లేక మన వాకిట నిలిచిన పరదేశిని దొంగపడవవాడని పిలుచుటకు మన నోరు రాకుండుగాక.