మూడో డబ్బాకు తన నంబరు ఎవరు చెప్పారు?

2024 మే 13న మెదక్ పట్టణంలో ఓటేసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అట్ట అడ్డం పెట్టిన బల్ల మీద బ్యాలెట్ యూనిట్లు మూడున్నాయి. లోక్‌సభ బరిలో 44 మంది, నోటాతో కలిపి 45. ఒక్కో యూనిట్‌కు 16 బటన్లే. రెండు డబ్బాలు నిండగా మూడోదానిలో పదమూడో బటన్ నోటాది. మిగిలిన మూడూ కనపడకుండా మూసేశారు.

ఈ మూడింటి నుంచి మూడు తీగలు విడివిడిగా కంట్రోల్ యూనిట్‌కు పోవు. మూడోదాని తీగ రెండోదానికి, రెండోదానిది మొదటిదానికి తగిలిస్తారు. అక్కడి నుంచి ఒకటే దారి. కంప్యూటర్లవాళ్లు దీన్ని డైసీ చెయిన్ అంటారు. డైసీ అంటే చేమంతి జాతి పూవు. ఇంగ్లండు పిల్లలు ఒక కాడలో ఇంకో కాడ దూర్చి దండ చేస్తారు, ఆ పేరే తీగలకూ వచ్చింది. మనకైతే గొలుసుకట్టు అన్న మాట ఎప్పుడో ఉంది. మీది చెరువు మత్తడి దుంకితే కింది చెరువు నిండుతుందని మెదక్ పల్లెల్లో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు.

కానీ నీళ్లు ఏ చెరువు నుంచి వచ్చాయని కింది పొలం అడగదు. ఓటు సంగతి అలా కాదు. మూడో డబ్బాలో అయిదో బటన్ నొక్కితే అది 37వ అభ్యర్థికి పడాలి, అయిదో అభ్యర్థికి కాదు. ఆ డబ్బాకు తాను మూడోదాన్నని తెలియాలి. అందుకే లోపల వేలితో తిప్పే చిన్న స్విచ్ ఉంటుంది. దాన్ని ఏ అంకె మీద పెడితే డబ్బా ఆ నంబరుది.

ఈ ఓటింగ్ యంత్రం (ఈవీఎం) పుట్టుకలో హైదరాబాద్‌కు పెద్ద వాటా ఉంది. దాన్ని తయారుచేసే రెండు ప్రభుత్వ సంస్థల్లో ఒకటి మన ఈసీఐఎల్, రెండోది బెంగళూరు బీఈఎల్. 1980 మొదట్లో మెదక్ జనం ఇందిరాగాంధీని కాగితం మీద ముద్రగుద్దే గెలిపించారు. ఆ ఏడాది ఆగస్టులోనే ఎన్నికల సంఘం పార్టీలవాళ్లకు ఈవీఎంను చూపించింది. 1982లో కేరళలోని పరవూరులో వాడితే, చట్టంలో చోటు లేదని 1984లో సుప్రీంకోర్టు కొట్టేసింది. చట్టం మార్చుకొని, 2004 లోక్‌సభ ఎన్నికల నాటికి దేశమంతా యంత్రాలకు మారింది.

పాత రకంలో గొలుసు నాలుగు డబ్బాలతో ఆగిపోయేది, 64 పేర్లే హద్దు. కాగితం రోజుల్లో, 1996లో నల్గొండ లోక్‌సభకు 480 మంది నిలబడితే బ్యాలెట్ పుస్తకమంత అయింది. అలాంటి పరీక్ష యంత్రానికి 2019లో నిజామాబాద్‌లో ఎదురైంది. పసుపు, ఎర్రజొన్నకు ధర లేదని రైతులు వరసగా నామినేషన్లు వేస్తే అభ్యర్థులు 185 మంది తేలారు. కాగితం బ్యాలెట్ పెట్టమని వాళ్లడిగారు. ఎన్నికల సంఘం మాత్రం 24 డబ్బాల దాకా కలపగల కొత్త రకం ఎం3 యంత్రాలు తెచ్చి, బూత్‌కు 12 చొప్పున పేర్చింది. నా లెక్కన తెలుగునేల మీద అంత పొడవైన గొలుసుకట్టుకు ప్రతి ఓటరూ ఎదురుగా నిలబడింది అదొక్కసారే.

ఇదే కిటుకు ఇప్పుడు ఆఫీసు బల్లల మీదికీ వచ్చింది. డిస్‌ప్లేపోర్ట్ 1.2తో కంప్యూటర్ నుంచి ఒక్క కేబుల్ మొదటి మానిటర్‌కు, దాని నుంచి రెండోదానికి వెళ్తుంది. రెండు తెరల బొమ్మలూ ఆ ఒక్క కేబుల్‌లోనే నడుస్తాయి. దారి పంచుకోవాలి కాబట్టి మానిటర్లు పెరిగేకొద్దీ ఒక్కోదాని వాటా తగ్గుతుంది. మామూలు హెచ్‌డీఎంఐకి ఈ విద్య రాదు. షాపులో మానిటర్‌ను వెనక్కి తిప్పి చూడండి, డిస్‌ప్లేపోర్ట్ అవుట్ అని రాసి ఉంటేనే గొలుసు ముందుకు సాగుతుంది.

మానిటర్లకు నంబర్లు కంప్యూటరే వేసుకుంటుంది. ఎడమదీ కుడిదీ తారుమారైతే సెట్టింగుల్లో మౌస్‌తో అటుదిటు జరిపితే చాలు. ఓటు డబ్బాల వరస తప్పితే కంట్రోల్ యూనిట్ లింక్ ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. అందుకే ఆ స్విచ్‌ను పోలింగ్‌కు ముందే అభ్యర్థుల మనుషుల ఎదుట తిప్పి, మూత వేసి, సీలు చేస్తారు.