డివ్వీ: ఒక చనువు మాట చరిత్ర

మనకు వాటా, పాలు, పంపకము అను మాటలు ఉన్నట్లే ఆంగ్లేయులకు పంచుకొనుటను గూర్చి "డివ్వీ" అను చనువైన మాట ఉన్నది. చదువుకున్నవారి సభలలో ఇది అంతగా వినబడదు. కాని నేతపనివారి ఇండ్లలో దీనికి గొప్ప గౌరవము ఉండెడిది.

దీని మూలము "డివిడెండు". విభజించుట అను అర్థము గల లాటిను ధాతువు నుండి వచ్చిన పదమది. కంపెనీలో సొమ్ము పెట్టినవానికి, పెట్టిన సొమ్మును బట్టి ముట్టు లాభమే డివిడెండు. వేయి పెట్టినవానికి వేయికి తగినంత, పది పెట్టినవానికి పదికి తగినంత. ఏమియు పెట్టలేనివానికి ఆ మాటతో పనియే లేదు.

మాంచెస్టరుకు చేరువనున్న రాచ్‌డేల్ పట్టణపు నేతపనివారి స్థితి అట్టిదే. కూలి స్వల్పము. అంగడిలో అరువు తప్పదు. అరువు ఉన్నచోట తూకమును ప్రశ్నించుటకు నోరు రాదు. పిండిలో కల్తీ ఉన్నదని తెలిసియు కొనవలసినదే. అట్టి కాలమున 28 మంది సభ్యులు పెన్నీ పెన్నీ కూడబెట్టి, 28 పౌనుల మూలధనముతో 1844 డిసెంబరు 21వ తేదీన టోడ్ లేన్ అను వీధిలో ఒక చిన్న అంగడి తెరచిరి. అందులోని సరుకు వెన్న, చక్కెర, గోధుమపిండి, ఓట్లపిండి, కొన్ని కొవ్వొత్తులు.

వారు పెట్టుకొన్న నియమములు కొద్దివి. సరుకు స్వచ్ఛముగా ఉండవలెను, తూకము సరిగా ఉండవలెను, అరువు కూడదు, సభ్యునికి ఒక్కటే ఓటు. మూలధనమునకు పరిమితమైన వడ్డీ మాత్రమే చెల్లును. మిగిలిన లాభమును, ఎవరెంత సరుకు కొనిరో ఆ లెక్కను బట్టి పంచవలెను. పంపకమునకు కొలత మారినది. పెట్టెలోని ధనమునకు బదులు వంటయింటి ఖర్చు కొలతయైనది.

అప్పుడు డివిడెండు కార్మికుల ఇంటికి వచ్చి డివ్వీ అయినది. సొంతమైనదానికి ముద్దుపేరు పెట్టుకొనుట మనుష్య స్వభావము కదా! ఇల్లాలు సరుకు కొన్నప్పుడెల్ల తన సభ్యత్వపు సంఖ్య చెప్పెడిది. ఆ కొనుగోలు ఆమె లెక్కలో చేరెడిది. డివ్వీ చేతికి వచ్చిన దినమున పిల్లలకు జోళ్లు వచ్చెడివి. ఆ సంఖ్యను ముదిమి వరకు మరువనివారు ఎందరో.

ఈ పద్ధతి సముద్రము దాటి మన వైపునకును వచ్చినది. తెలుగు జిల్లాలకు చెన్నపట్టణమే రాజధానిగా ఉన్న 1904లో, అచ్చటి తిరువల్లిక్కేణిలో రాచ్‌డేల్ ఆదర్శముతో ట్రిప్లికేన్ అర్బన్ కోఆపరేటివ్ సొసైటీ వెలసినది.

అమెరికావారి నోట ఈ మాట "డివ్వీ అప్" అను క్రియయైనది. పిల్లలు మిఠాయి పంచుకొన్నను, దొంగలు దోపిడి సొమ్ము పంచుకొన్నను అదే మాట. అందు పంచుట మిగిలినది, కొలత జారిపోయినది. ఇంగ్లండులోను 1960 తరువాతి దశాబ్దమున పెద్ద అంగళ్ల పోటీకి తాళలేక పెక్కు సంఘములు డివ్వీకి బదులు స్టాంపులు ఇయ్యసాగినవి.

పంచుకొందమనుట సులువు. దేనిని కొలతగా పెట్టి పంచుకొందము అనునదే చిక్కు. ఆ చిక్కునకు నిరుపేద నేతపనివారు చెప్పిన సమాధానము ఈ చిన్న మాటలో నిలిచియున్నది.