కర్జను దొర ఇంటి పటాలు



కర్జను పేరు మన తాతల కాలంలో వినని ఇల్లు తక్కువ. 1905లో బెంగాలును రెండు ముక్కలు చేసిన వైస్రాయి ఆయనే. ఆ కోపంలోంచి పుట్టిన వందేమాతరం ఉద్యమం మన గోదావరి ఒడ్డుదాకా వచ్చింది. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరంలో ఉపన్యసిస్తే, చిలకమర్తివారు దాన్ని తెలుగులో చెప్పి జనాన్ని ఉర్రూతలూగించారు. ఇవాళ నేను చెప్పబోయేది మాత్రం దొరగారి ఇంటి సంగతి. ఆయన, ఆయన భార్య, ముగ్గురు ఆడపిల్లలు - వీళ్ల పటాలు, ఫొటోలు బోలెడన్ని మిగిలి వున్నాయి. అవి ఎవరు తీయించారు, ఎవరు తీశారు, వాటిలో కనిపించనిది ఏమిటి అని అడుగుతూ నాలుగు పటాలు చూద్దాం.

ముందు వాళ్లెవరో తెలుసుకోవాలి కదా. ఇంగ్లండులో డెర్బీషైరు జిల్లాలో కెడిల్‌స్టన్ అనే చోట కర్జను వంశంవారు కొన్ని వందల ఏళ్లుగా వుంటూ వచ్చారు. అక్కడి పెద్ద మేడలో 1859లో జార్జి నథానియల్ కర్జను పుట్టాడు. పదకొండుమంది సంతానంలో పెద్ద కొడుకు. చిత్రమేమిటంటే, కలకత్తాలో గవర్నరు జనరలు కోసం 1803 నాటికి కట్టించిన భవనం ఈ కెడిల్‌స్టన్ మేడ నమూనా మీద కట్టిందే! అంటే 1899 జనవరిలో వైస్రాయిగా కలకత్తాలో అడుగుపెట్టిన రోజున, ఆయన తన పుట్టింటిలాంటి ఇంట్లోకే వచ్చాడన్నమాట. అప్పటికి నలభై ఏళ్లు కూడా నిండలేదు.

భార్య మేరీ ఇంగ్లీషు పిల్ల కాదు, అమెరికా పిల్ల. 1870లో షికాగోలో పుట్టింది. తండ్రి లెవీ లైటర్ బట్టల వ్యాపారంలోనూ, స్థలాల మీదా విపరీతంగా గడించాడు. ఆ కాలంలో ఇంగ్లండు జమీందారీ కుటుంబాలకు బిరుదులుండేవి గాని, చేతిలో రొక్కం ఆడేది కాదు. అమెరికా కోటీశ్వరులకు రొక్కం వుండేది గాని, బిరుదులు లేవు. ఇటువంటి వియ్యాలు ఆ రోజుల్లో చాలానే జరిగాయి. కట్నం అనే మాట వాళ్లు వాడలేదేమోగాని, పెళ్లికి ముందే కూతురి పేర పెద్ద మొత్తం రాయించడం మాత్రం జరిగింది. అయితే ఒకటి చెప్పాలి. ఈ ఇద్దరి మధ్యా డబ్బుతోపాటు ప్రేమా వుంది. రెండేళ్లపాటు రహస్యంగా ఒకరికొకరు మాట ఇచ్చుకుని వుండి, 1895లో వాషింగ్టనులో పెళ్లి చేసుకున్నారు. కలకత్తా వచ్చేనాటికి మేరీకి ఇరవై ఎనిమిదేళ్లు, చంకన ఇద్దరు పిల్లలు.

ఇక మొదటి పటం. ఇది మన గడ్డమీదే తీసింది. 1902 ఏప్రిల్లో వరంగల్లు దగ్గర నెక్కొండ అడవుల్లో వైస్రాయి వేటకు విడిది చేశాడు. కాళ్ల దగ్గర చచ్చిపడిన పులి, పక్కన దొర, దొరసాని. తీసినవారు రాజా దీన్‌దయాళ్ గారు. మీరట్ దగ్గర సర్ధానాలో పుట్టి, ఇంజనీరింగు చదివి, కొలువు మానుకుని కెమెరా పట్టిన మనిషి. సికింద్రాబాదులో స్టూడియో పెట్టారు. ఆరవ నిజాం మహబూబ్ ఆలీఖాన్ ఆయన్ని ఆస్థాన ఛాయాచిత్రకారుడిగా పెట్టుకుని, ముసవ్విర్ జంగ్ బహదూర్ అని బిరుదు ఇచ్చాడు.

ఫొటోలో చచ్చిన పులి కనిపిస్తుంది. ఆ ప్రయాణంలో దొరగారు కొట్టిన అసలు వేట కనిపించదు. అది బీరారు. పత్తి పండే ఆ నేల నిజాముది. తన కోసమని ఇంగ్లీషువాళ్లు పెట్టిన సైన్యం ఖర్చుకింద 1853లో వాళ్ల చేతికి ఇవ్వవలసివచ్చింది. ఎప్పటికైనా తిరిగి వస్తుందని హైదరాబాదువారు ఆశపడుతూ వచ్చారు. 1902 మార్చి 30న కర్జను హైదరాబాదులో నిజాముతో ఏకాంతంగా మాట్లాడి ఒప్పించాడు. ఏడాదికి 25 లక్షల రూపాయలకు శాశ్వతంగా కౌలు! అదే ఏడాది నవంబరులో సంతకాలయ్యాయి. కౌలు అని పేరేగాని, తిరిగి అడగడానికి వీల్లేని కౌలు. ఆ తరువాత నిజాముకు జి.సి.బి. అనే పెద్ద బిరుదు వచ్చింది. ఆ మూడక్షరాలకు 'గేవ్ కర్జన్ బేరార్' - కర్జనుకు బీరారు ఇచ్చినవాడు - అని ఎవరో గడుసుగా అర్థం చెప్పారట. ఎగతాళి మిగిలింది, బీరారు పోయింది.

దీన్‌దయాళ్ గారి మాట వచ్చింది కాబట్టి మనకు పనికొచ్చే మాట ఇంకొకటి చెబుతాను. 1892లో ఆయన ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక జనానా స్టూడియో తెరిచారు. ఎత్తయిన గోడల మధ్య, మగవాడి నీడ పడకుండా ఫొటోలు తీసే చోటు. దాన్ని నడిపింది కెన్నీ లెవిక్ అనే దొరసాని. దొరగారి భార్య పులి పక్కన నిలబడి లోకమంతటికీ కనిపిస్తున్న రోజుల్లోనే, అదే సంస్థానంలో మరికొందరు ఆడవాళ్లు లోకానికి కనిపించకుండా తమ పోలికలు కాగితం మీదికి ఎక్కించుకున్నారు. తమ మొగం ఎవరు చూడాలో వాళ్ల ఇంటివారే నిర్ణయించారు.

రెండో పటం నెమలి గౌనుది. 1903 జనవరి 1న ఢిల్లీలో ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకానికి దర్బారు చేశారు. రాజు రాలేదు. రాజు స్థానంలో కర్జను దంపతులే అంబారీ మీద ఊరేగారు. జనవరి 6న ఎర్రకోటలో విందు, నాట్యం. ఆ రాత్రి మేరీ తొడుక్కున్న గౌను ఇప్పటికీ కెడిల్‌స్టన్ మేడలో అద్దాల బీరువాలో వుంది. గౌనంతా నెమలి కన్నులే. పొలుసుల్లాగ ఒకదానిమీద ఒకటి పరిచినట్టుంటాయి. అవి నిజం ఈకలు కావు, బంగారు వెండి తీగెలతో చేసిన జర్దోజీ పని. ప్రతి కన్ను మధ్యా నీలం, ఆకుపచ్చ కలిసి మెరిసేది ఏమిటనుకున్నారు? పచ్చలు కాదు. జీరంగి పురుగు రెక్క! మన పల్లెల్లో పిల్లలు అగ్గిపెట్టెల్లో పెట్టి దాచుకుంటారే, అటువంటి పురుగుదే. గౌను బరువు సుమారు నాలుగున్నర కిలోలు. అంత బరువు మోస్తూ రాత్రంతా నవ్వుతూ నిలబడడం మాటలా? పట్టుచీరా, నగలూ వేసుకుని పెళ్లిపందిట్లో నిలబడిన మనకు ఆ కష్టం కొంత తెలుసు.

నెమలి ఎందుకంటే, ఆ కోటలోనే షాజహాను నెమలి సింహాసనం వుండేది. 1739లో నాదిర్షా ఎత్తుకుపోయాడు. సింహాసనం లేని చోట నెమలి కన్నుల రాణి నిలబడిందన్నమాట. మొగలాయీల తరువాత మేమే అని చెప్పడానికి అంతకంటె తేలిక దారి ఏముంది?

ఈ గౌనుకు పేరు ఎవరికొచ్చింది? పారిస్‌లో కుట్టిన వర్త్ అనే పెద్ద దుకాణానికి. అసలు పనంతా ఢిల్లీలో జరిగింది. మగ్గం చట్రం మీద వంగి, ఒక్కొక్క కన్నూ కుట్టినవాళ్లు మనవాళ్లు. గుడ్డ ఓడలో పారిస్‌కు వెళ్లి, గౌనై తిరిగి వచ్చింది. మేరీకి మన పనితనం మీద నిజంగానే గౌరవం వుండేది. 1902లో అలెగ్జాండ్రా రాణి పట్టాభిషేకపు బట్టకు కూడా ఢిల్లీలోనే జరీపని చేయించి పంపింది ఆమే. మన కుట్టుపనివాళ్లకు దానివల్ల పని దొరికింది. కాని చరిత్రలో పేరు మాత్రం తొడుక్కున్నవారికీ, కత్తిరించినవారికీ దక్కింది.

దర్బారు వెలుగుల వెనక మరో సంగతి వుంది. 1899-1900లో హైదరాబాదు సంస్థానం, బీరారు, బొంబాయి, మధ్యపరగణాలు, రాజపుతానాల్లో ఘోరమైన కరువు వచ్చింది. లక్షలమంది పోయారు. కరువు తీరి మూడేళ్లు కాకుండానే ఇంత ఆర్భాటమేమిటని మన నాయకులు నిలదీశారు. పులి ఫొటో తీసిన దీన్‌దయాళ్ గారి స్టూడియోయే ఔరంగాబాదు ప్రాంతంలో కరువు పనుల ఫొటోలూ తీసింది. ఈ రెండు రకాల ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరూ ఉపన్యాసం చెప్పనక్కర్లేదు.

నెమలి గౌనుతో మేరీ నిలువెత్తు వర్ణచిత్రం ఒకటి చాలా ప్రసిద్ధం. గీసినవాడు విలియం లాగ్స్‌డేల్. అందులో ఆమె ఎంత ఠీవిగా, ఎంత ఆరోగ్యంగా వుంటుందో! కాని అది పూర్తయింది 1909లో. మేరీ అప్పటికి మూడేళ్ల కిందటే కన్నుమూసింది. ఫొటోలు చూసి గీసిన బొమ్మ అది. 1904 మార్చిలో మూడో కూతుర్ని కన్న తరువాత, ఆ ఏడే ఆమె చావు అంచుదాకా వెళ్లి వచ్చింది. పూర్తిగా కోలుకోకుండానే మళ్లీ భర్త కోసం ఇండియా వచ్చింది. 1905లో కర్జను సేనాపతి కిచ్చెనర్‌తో తగాదాపడి రాజీనామా ఇచ్చాడు. 1906 జూలై 18న లండన్‌లో మేరీ పోయింది. ముప్ఫయ్యారేళ్లు. భర్త కెడిల్‌స్టన్ గుడి పక్కన ఆమెకు పాలరాతి సమాధి కట్టించి, తన రాతిబొమ్మ కూడా ఆమె పక్కనే పెట్టించుకున్నాడు. ఆయన దుఃఖం నిజమైనదే.

చివరగా పిల్లల ఫొటోలు. ఐరీన్, సింథియా, అలెగ్జాండ్రా. లేసు గౌన్లు, వంకీల జుట్టు. మూడో పిల్లకు సిమ్లా దగ్గరి నాల్‌డేరా కొండపేరు కూడా కలిపి పెట్టారు. ఇంట్లో ముద్దుపేరు బాబా. మన నౌకర్లు దొరల పిల్లల్ని పిలిచే పిలుపు ఆ పిల్లకు తొంభయ్యేళ్లు దాటినా, 1995లో పోయేదాకా అంటుకునే వుంది. మనవాళ్లు ఆ ఇంట్లో వున్నారనడానికి మిగిలిన గుర్తు అదొక్కటి.

ఆ వంశంలో బిరుదు కొడుక్కి రావాలి. మేరీ కన్నవి మూడూ ఆడపిల్లలే. కొడుకు పుట్టలేదన్న బెంగ ఆ పాలరాతి మేడలోనూ వుంది సుమండీ! అంతేకాదు. కర్జను స్త్రీలకు వోటు కూడదన్న సంఘానికి 1912లో అధ్యక్షుడయ్యాడు. కూడదనడానికి పదిహేను కారణాలు రాశాడు. ఆడవాళ్లకు వోటిస్తే ఇండియాలో సామ్రాజ్యానికి బలహీనత వస్తుందన్నది అందులో ఒకటి. బ్రిటనులో 1918లో కొందరు స్త్రీలకు వోటు వచ్చింది. మన మద్రాసు రాజధానిలో 1921లోనే ఆస్తి వున్న స్త్రీలకు వోటు ఇచ్చారు. ఆంధ్ర జిల్లాల స్త్రీలూ అందులో వున్నారు. సామ్రాజ్యం ఆ వోటు వల్ల కూలిందని ఎవరూ అనలేదు.

మరి ఆయన కూతుళ్లు? పెద్దవాళ్లిద్దరూ తల్లి తరఫు ఆస్తి మీది రాబడి తమ చేతికే రావాలన్నారు. అన్నాళ్లూ దానితో ఇల్లు నడిపిన తండ్రికి కోపం వచ్చింది, మాటలు ఆగిపోయాయి. 1925లో ఆయన పోయాడు. 1929లో సింథియా లేబరు పార్టీ తరఫున పార్లమెంటుకు గెలిచింది. అయితే 1933లో, ముప్ఫయ్‌నాలుగేళ్లకే పోయింది. ఐరీన్‌కు తండ్రి బిరుదుల్లో ఒకటి వచ్చినా, ఆడదన్న కారణంగా ప్రభువుల సభలో కూర్చోనివ్వలేదు. చట్టం మారాక, 1958లో ఆ సభకు నియమించిన మొదటి నలుగురు స్త్రీలలో ఆమె ఒకరు. లేసు గౌనుల్లో కదలకుండా కూర్చున్న ఆ పిల్లలు ఇలా లేచి నడుస్తారని తండ్రి అనుకుని వుండడు.

కర్జను చేసిన మంచి కూడా చెప్పకపోతే అన్యాయం. 1904 నాటి పురాతన కట్టడాల రక్షణ చట్టం ఆయన పట్టుదల ఫలితం. రాళ్లను కాపాడడం ఆయనకు తెలుసు. మనుషుల మాట వినడమే రాలేదు.

ఇటువంటి పటాలు ఇప్పుడు పుస్తకాల్లోనూ, ప్రదర్శనల్లోనూ సులువుగా చూడవచ్చు. పిల్లలు చూస్తూ "ఎంత బాగుందమ్మా!" అంటే, బాగుందనే ఒప్పుకోండి. ఒప్పుకుని, ఆ గౌను ఎవరు కుట్టారో, పులిని ఎవరు తరిమి తెచ్చారో, పిల్లల్ని ఎవరు ఎత్తుకు తిప్పారో అడగండి. అలాగే మన ఇళ్లలో గోడమీద వున్న పాత గ్రూపు ఫొటోలు దింపి, వెనకవైపు పేర్లు రాయండి. తాతగారి పేరు అందరికీ తెలుసు. ఆ పక్కన కొంగు కప్పుకుని నుంచున్న ఆవిడ పేరు చెప్పగలిగినవాళ్లు ఇంట్లో ఇంకా ఒకరిద్దరుంటారు. వాళ్లుండగానే అడిగి రాసుకోండి.